ఆదివారం మూసి ఉండే వీధి

నేను బెజవాడ డివిజన్ రైల్వే కంట్రోల్ ఆఫీసులో చాలా ఏళ్ళు సెక్షన్ కంట్రోలరుగా చేసి 2013లో రిటైరయ్యాను. కంప్యూటర్లు వచ్చేదాకా మా పనంతా బల్ల మీద పరిచిన పెద్ద చార్టు మీదే. రంగు పెన్సిళ్ళతో గీతలు గీస్తూ, ఏ గూడ్సుని లూప్ లైన్లో పెట్టాలో, ఏ ఎక్స్‌ప్రెస్‌ని ముందు వదలాలో తేల్చడం. అలాంటివాడు విహారయాత్రకి ఏర్పాట్లు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2018 ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా ఎనిమిది రోజులు టోక్యో చూసొచ్చాం. 2023 నవంబరులో నేనొక్కణ్ణే వెళ్ళాను. ఇప్పుడు ఆ ఊరికి టికెట్లు వెతుక్కుంటున్న కుర్రవాళ్ళు మా ఇంటికొచ్చి ఏం చూడాలని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. వీటిలో చూడాల్సినవాటి కన్నా నేను చేసిన పొరపాట్లే ఎక్కువ.

1. పూలు మన సెలవు చూసుకుని పూయవు.

ఏప్రిల్ మొదటి వారానికి టికెట్టు మనిషికి నాలుగు వేలు తగ్గింది. జపాన్‌లో ఏప్రిల్ అంటే సకురా పూలని ఎవరో చెప్పారు. ఈ రెండూ కలిపి పొంగిపోయాను. టోక్యోలో ఆ పూలు మామూలుగా మార్చి ఆఖరి వారం, ఏప్రిల్ మొదటి రోజుల్లో నిండుగా ఉంటాయి. నిండుగా ఉండేదీ వారం రోజులే. 2018లో ఎండలు ముందే వచ్చి మార్చి 24కే విరగబూశాయి. మేం దిగింది ఏప్రిల్ 2న. ఉయెనో పార్కులో సగం కొమ్మలు లేతాకు తొడిగేశాయి, రేకులన్నీ కాలిబాట పక్కన కుప్పలుగా ఊడ్చిపెట్టి ఉన్నాయి. మా ఆవిడ ఒక గుప్పెడు తీసి రుమాల్లో కట్టుకుంది.

పూల కోసమే వెళ్ళేవాళ్ళు అటూ ఇటూ వారం వెసులుబాటు ఉంచుకోవాలి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వాళ్ళకి వరస సెలవులు. గోల్డెన్ వీక్ అంటారు, దేశమంతా రైళ్ళలోనే ఉంటుంది. జూన్ నుంచి జూలై సగం దాకా ముసురు. ఆగస్టు ఎండ మనకేం కొత్త అనుకుంటారేమో, అక్కడి ఉక్క మన మచిలీపట్నం ఉక్కకేం తీసిపోదు. నన్నడిగితే నవంబరు ఆఖరు మేలు. గింకో చెట్లు పసుపు పూసుకున్నట్టుంటాయి, చలి ఒక్క స్వెట్టరుతో తీరిపోతుంది.

2. వాడని పాసు కన్నా ఖరీదైన టికెట్టు లేదు.

రైల్వేవాడికి పాసంటే ప్రాణం. విదేశీ యాత్రికులకి జపాన్ రైల్వే ఏడు రోజుల పాసు ఇస్తుందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పట్లో మనిషికి 29 వేల యెన్ల పైచిలుకు. ఇద్దరికీ కలిపి మన డబ్బుల్లో ముప్పై అయిదు వేల దాకా అయింది. షింకన్‌సెన్‌లో క్యోటో వెళ్ళొస్తే దాదాపు గిట్టుబాటవుతుందని లెక్క కట్టాను. లెక్క తప్పు కాదు, వెళ్ళకపోవడమే జరిగింది. నాలుగో రోజుకి మా ఆవిడ పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు, క్యోటో రద్దయింది. టోక్యో ఊళ్ళోనేమో భూగర్భ మెట్రోలో ఆ పాసు చెల్లదు. అసకుసా వెళ్ళే గింజా లైను 1927లో మొదలైంది, ఆసియాలో అదే తొలి భూగర్భ రైలు. దాని గేటు ముందు జేబులో అంత ఖరీదైన పాసు పెట్టుకుని చిల్లర వెతుక్కున్నాను.

2023 అక్టోబరులో ఆ పాసు ధర ఒక్కసారిగా 50,000 యెన్లు చేశారు. టోక్యో ఒక్కటే చూసేవాళ్ళకి దాని అవసరమే లేదు. పెంగ్విన్ బొమ్మ ఉండే సుయికా కార్డులో కాస్త డబ్బు వేసుకుంటే రైలు, మెట్రో, బస్సు అన్నిటికీ సరిపోతుంది, దుకాణంలో మంచినీళ్ళ సీసాకి కూడా. ఈ పాసు కథ ఇంతటితో అయిపోలేదు, మళ్ళీ వస్తాను.

3. స్టేషను పక్కనే హోటలంటే, ఏ గుమ్మం పక్కనో కనుక్కోండి.

షింజుకు స్టేషనుకి అయిదు నిమిషాల నడక అని చూసి గది తీసుకున్నాను. షింజుకు ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషను, బయటికి వెళ్ళే దారులు రెండు వందలకి పైనే. రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచి, అందులో పచ్చళ్ళు. గంటా పది నిమిషాలు ఆ సొరంగాల్లోనే తిరిగాం. ముప్పై ఏళ్ళకి పైగా రైళ్ళకి దారి చూపించినవాణ్ణి, ఎవర్నైనా అడగడానికి నామోషీ. చివరికి మా ఆవిడే పెట్టె మీద కూలబడి, "ఏమండీ, అడిగితే ఏం పోతుంది?" అంది. అక్కడ వీధి మూలల్లో కోబాన్ అని చిన్న పోలీసు గదులుంటాయి. లోపలున్న కుర్రాడు కాగితం మీద దారి గీసి, సగం దూరం వెంట వచ్చాడు. అక్కడ చాలా వీధులకి పేర్లుండవు, అడ్రసంతా పేటల నంబర్ల మీదే నడుస్తుందని అతని గీతలు చూశాకే తెలిసింది.

గదిలో ఒక పెట్టె తెరిస్తే రెండోది మూయాల్సిందే. పెద్దవాళ్ళతో వెళ్తే ఉయెనో, అసకుసా వైపు చూడండి, నేల చదునుగా ఉంటుంది, హడావిడి తక్కువ. ఇంకో ఊరికి మారేటప్పుడు పెట్టెలు మోయకండి. పిల్లను నోట కరుచుకున్న నల్ల పిల్లి బొమ్మ కనిపించే పార్సెల్ వాళ్ళకి అప్పగిస్తే, మామూలుగా మర్నాటికి హోటల్‌కి చేరుస్తారు.

4. కరివేపాకు విమానాశ్రయం దాటదు, మన కుక్కరు అక్కడ ఉడకదు.

పచ్చి ఆకులూ పళ్ళూ ధ్రువపత్రం లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు. మా కరివేపాకుని తనిఖీ బల్ల దగ్గర చేతి తొడుగులు వేసుకున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, రెండుసార్లు వంగి మరీ తీసేసుకుంది. గోంగూర పచ్చడిని మాత్రం మూత తీసి వాసన చూసి, కళ్ళు పెద్దవి చేసి, ఇచ్చేసింది. ఇక కుక్కరు. అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కరుకి అది అందిస్తే అయిదో వంతు వేడి కూడా పుట్టదు. గంటన్నర తర్వాత మూత తీస్తే బియ్యం నానాయి, అంతే. హోటలు గదిలో వండకూడదన్నది వేరే సంగతి, అది నాకు తర్వాత తెలిసింది.

ఇదంతా నవ్వుకునేది. నవ్వలేనిది ఒకటుంది. మా ఆవిడ చేప ముట్టదు. రెండు రోజులు ఉడోన్ అనే లావుపాటి గోధుమ సేమ్యా పులుసు తిని, "మన చారులాగా లేదు గానీ పొట్టకి హాయిగా ఉంది" అంది. మూడో రోజు గిన్నె మీద పల్చటి పొరలు చల్లి ఇచ్చారు. వేడికి అవి ప్రాణమున్నట్టు కదులుతున్నాయి. ఏమిటని ఫోన్లో చూస్తే, ఎండబెట్టి చిత్రిక పట్టిన చేప. రెండు రోజులుగా ఆమె మెచ్చుకున్న ఆ పులుసుకీ మూలం అదేనట. దాషి అంటారు, వాళ్ళ వంటలో చాలావాటికి అదే పునాది. కూరగాయల పేరు పెట్టిన వంటకంలోనూ ఉంటుంది. ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ రాత్రి అరటిపండూ పెరుగూ తిని పడుకుంది. ముందుగా కనుక్కోవాల్సింది నేను. రైళ్ళ సమయాలు పదహారు కాగితాల మీద రాసుకున్నాను, తినే సంగతి ఒక్క కాగితం మీద కూడా రాయలేదు.

శాకాహారులు "దాషి ఉందా?" అన్న ఒక్క ప్రశ్న వాళ్ళ భాషలో రాయించి జేబులో పెట్టుకోండి. బౌద్ధ మఠాల భోజనం షోజిన్ ర్యోరి చేపా మాంసం లేనిది, ఖరీదెక్కువైనా ఒక పూట తినదగ్గది. చిన్న దుకాణాల్లో ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దలు దొరుకుతాయి. ఉప్పూ పులుపూ ఎక్కిన పండు మధ్యలో తగులుతుంది, ఊరగాయ ముక్కలాగే. తర్వాత తెలిసింది, ఎడొగావా వార్డులోని నిషికసాయ్ పేటకి వెళ్తే కందిపప్పు నుంచి ఇంగువ దాకా అన్నీ అమ్ముతారని. మన సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు ఎప్పట్నుంచో అక్కడ కాపురాలున్నారు.

షింజుకులోనే నకమురాయా అనే పాత దుకాణం ఉంది. 1915లో బ్రిటిష్‌వాళ్ళ నుంచి తప్పించుకుని జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కి తలదాచుకోను చోటిచ్చింది ఆ కుటుంబమే, పిల్లనిచ్చిందీ వాళ్ళే. 1927 నుంచి అక్కడ ఆయన నేర్పిన కోడికూర అమ్ముతున్నారు. మా హోటలు నుంచి నడిచి వెళ్ళగలిగే దూరం. నా చార్టులో అది లేదు.

5. మందుల చీటీ పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి.

డాక్టరు రాసిన మందులు నెలకి సరిపడా అయితే ఇబ్బంది లేదు, అంతకు మించితే ముందే అనుమతి తెచ్చుకోవాలి. మనం జలుబుకీ దగ్గుకీ ఇట్టే కొనేసే కొన్ని మందులు, సూడోఎఫిడ్రిన్, కొడీన్ లాంటివి మోతాదు దాటితే అక్కడ నిషేధం. తెలిసిన ఫార్మసిస్టు చేత ఒకసారి చూపించుకోండి.

6. అరటి తొక్క రోజంతా మోయాల్సి రావచ్చు.

వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు ఉండవు. 1995లో సబ్‌వేలో విషవాయువు దాడి జరిగాక చాలా చోట్ల తీసేశారు. అయినా రోడ్డు మీద కాగితం ముక్క కనబడదు. ఒక ప్లాస్టిక్ సంచీ వెంట ఉంచుకోండి. దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

7. రైలుకి ఇచ్చిన వెసులుబాటు మనిషికీ ఇవ్వాలి.

టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ప్రతి రైలుకీ కొన్ని నిమిషాలు అదనంగా కలుపుతారు. దారిలో పట్టాల పని ఉండొచ్చు, సిగ్నలు పడకపోవచ్చు. ఆ నిమిషాలు లేకపోతే ఒక్క రైలు ఆలస్యం వెనకాల పది రైళ్ళు ఆగిపోతాయి. ఇది తెలిసినవాణ్ణే, రోజుకి ఆరేడు చోట్లు పెట్టి చార్టు గీశాను. అసకుసా సెన్సోజీ గుడికి నలభై నిమిషాలు. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ అనే బోధిసత్త్వ విగ్రహం పడిందని ఆ గుడి కథ. అది నేను పుస్తకంలో చదివి వెళ్ళాను. గుడి ముందు పెద్ద తొట్టిలో అగరొత్తులు గుచ్చుతారు. ఆ పొగ ఒంట్లో నొప్పి ఉన్నచోటికి తగిలితే తగ్గుతుందని నమ్మకం, అందరూ రెండు చేతులతో తలకీ భుజాలకీ పట్టిస్తుంటారు. మా ఆవిడ ఎవరూ చెప్పకుండానే చూసి నేర్చుకుంది. వంగి రెండు మోకాళ్ళకీ పొగ పట్టిస్తోంది. నేను గడియారం చూపించి "ముప్పై ఎనిమిది నిమిషాలైంది" అన్నాను. ఆవిడ చేతులు దులుపుకుని వచ్చేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు రోజుకి ఒక్క పేట మాత్రమే పెట్టుకున్నాను. జింబోచోలో పాత పుస్తకాల వీధి ఉంది. దుకాణాలు ఎక్కువగా రోడ్డుకి దక్షిణాన, ఉత్తర ముఖంగా ఉంటాయి. ఎండ పడితే పుస్తకాలు పాడవుతాయని ఆ ఏర్పాటు. ఒక్క అక్షరం రాకపోయినా సాయంత్రం దాకా ఆ నీడలోనే తిరిగాను. 1923 భూకంపాన్నీ యుద్ధకాలపు బాంబుల్నీ చాలావరకు తప్పించుకున్న యనాకాలో చెక్క ఇళ్ళ మధ్య ఇంకో రోజు. సుగినామిలో రెంకోజీ అనే చిన్న గుడి దగ్గర ఒక పూట. సుభాష్ చంద్రబోస్ అస్థికలు అక్కడే ఉన్నాయంటారు. అవి ఆయనవేనా అన్న వాదం తెగలేదు గానీ, ఆవరణలో ఆయన విగ్రహం ముందు నిలబడితే ఆ వాదం గుర్తురాదు.

8. మీతో వచ్చేవాళ్ళ కోరిక ఒక్కటైనా మీ జాబితాలో పైన రాసుకోండి.

ఎనిమిది రోజుల్లో మా ఆవిడ అడిగింది ఒకే ఒక్కటి. కప్పాబాషి. ఉయెనోకీ అసకుసాకీ మధ్య ఉన్న వంటసామాన్ల వీధి. గిన్నెలు, గరిటెలు, హోటళ్ళ అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి బొమ్మలు, అన్నిటికన్నా ముఖ్యంగా కత్తులు. కింద కూచుని కత్తిపీటతో కూర తరగడం ఆవిడకి అప్పటికే కష్టమవుతోంది. నిలబడి తరుక్కోవడానికి మంచి చాకు కావాలంది. బెజవాడ బజార్లో చాకు కొనేటప్పుడు ఆవిడని చూడాలి. పిడి పట్టుకుని చేతిలో రెండుసార్లు ఎగరేసినట్టు ఊపి, అంచు బొటనవేలి గోటికి ఆనించి, నాలుగు పక్కన పెట్టి అయిదోది తీస్తుంది. కప్పాబాషిని శనివారం సాయంత్రానికి పెట్టాను.

ఆ శనివారం పొద్దున యమనోతే లైను ఎక్కాం. నగరం చుట్టూ తిరిగే వలయం, 34.5 కిలోమీటర్లు, అప్పుడు 29 స్టేషన్లు. 2020లో ఇంకోటి కలిసింది. చుట్టూ తిరిగి రావడానికి గంట. క్యోటో పోయింది కదా, పాసు డబ్బు కొంతైనా రాబట్టాలన్న పట్టుదల నాది. మొదటి పెట్టెలో డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడ్డాను. లోపల ఒక్కడే మనిషి. తెల్ల చేతితొడుగులు, ఎదురుగా బల్లలో గుంట, అందులో జేబు గడియారం. సిగ్నలు రాగానే చూపుడువేలు చాచి దాని వైపు చూపిస్తాడు, పైకి ఏదో అంటాడు. గడియారాన్నీ వేగం ముల్లునీ అలాగే చూపిస్తాడు, మళ్ళీ అంటాడు. మన రైళ్ళలోనూ లోకో పైలట్, అసిస్టెంట్ ఒకరికొకరు సిగ్నలు పలుకుతారు. ఇక్కడ వినేవాడు లేడు. తనకి తానే చెప్పుకుంటున్నాడు, ఒక్క సిగ్నలు కూడా వదలకుండా. చేత్తో చూపించి నోటితో అంటే కన్ను పొరబడదని ఆ పద్ధతి. నా ఉద్యోగ జీవితమంతా నా కళ్ళ ముందు నిలబడ్డట్టయింది. మా ఆవిడ వెనక సీట్లోంచి, "ఒక్కో స్టేషనుకి ఒక్కో పాటండీ, విన్నారా?" అంది. నిజమే, తలుపులు మూసేముందు చాలా స్టేషన్లు తమ సొంత రాగం వాయిస్తాయి. నేను వినలేదు.

చుట్టు పూర్తయింది. "ఇంకొక్కటి" అన్నాను. రెండో చుట్టులో ఆవిడ కునుకు తీసింది. దాంతో ఆ రోజు చార్టంతా గంట వెనక్కి జరిగింది. సాయంత్రం షిబుయా కూడలి, హచికో కుక్క విగ్రహం వదులుకోలేక కప్పాబాషిని మర్నాటికి నెట్టాను. మర్నాడు ఆదివారం.

తవరామాచి స్టేషనులో దిగి నడిచాం. వీధి మొదట్లో మేడ మీద తెల్లటోపీ పెట్టుకున్న వంటవాడి తల, ఇంటంత పెద్దది. దాని కింద ఎనిమిది వందల మీటర్ల పొడుగునా షట్టరు తర్వాత షట్టరు. ఆదివారం అక్కడ చాలా దుకాణాలకి సెలవు. తెరిచిన ఒకటి రెండింట్లో ప్లాస్టిక్ సేమ్యా ఉంది, ఫోర్కు గాల్లో వేలాడుతూ. ఆవిడ దాన్ని చూసి నవ్వింది. "పోనీలెండి, మళ్ళీ వస్తాం కదా" అంది. సోమవారం పొద్దున్నే మా విమానం.

9. "మళ్ళీ వస్తాం" అన్న మాటకి ఎవరూ రిజర్వేషన్ ఇవ్వరు.

2020 వసంతానికి మళ్ళీ టికెట్లు తీశాను. ఈసారి మార్చి ఆఖరుకి, కప్పాబాషి మంగళవారం. కోవిడ్ వచ్చింది. విడిగా వెళ్ళే యాత్రికులకి జపాన్ తలుపులు తెరిచింది 2022 అక్టోబరు 11న. ఆ ఏడాది వేసవిలోనే మా ఆవిడ రెండు మోకాళ్ళకీ ఆపరేషనైంది. నడుస్తోంది గానీ అంతసేపు విమానంలో కూచోవడం తన వల్ల కాదంది. 2023లో నిషికసాయ్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు తన కొడుకు మొదటి పుట్టినరోజుకి రమ్మంది. "మీరు వెళ్ళి రండి" అంది మా ఆవిడ. విమానాశ్రయంలో మా అన్నయ్య కూతురి మొదటి ప్రశ్న, "బాబాయ్, చార్టు తెచ్చావా?" తేలేదన్నాను. "పిన్నిని తీసుకురాలేదు, చార్టూ తేలేదు, మరేం తెచ్చావ్?" అంది. గోంగూర తెచ్చాను.

బుధవారం నాడు కప్పాబాషి వెళ్ళాను. అన్నీ తెరిచే ఉన్నాయి. కత్తుల దుకాణంలో పెద్దాయన ఇండియా అనగానే "నాటు నాటు" అని రెండు అడుగులు వేశాడు. ఆర్ఆర్ఆర్ అక్కడ ఎంతలా ఆడిందో అప్పుడు అర్థమైంది. కూరలకీ ఆకులకీ పనికొచ్చే సంతోకు చాకులు పది దాకా బల్ల మీద పరిచాడు. ఫోన్లో అనువాదం పెట్టి అడిగాడు, ఎవరి చేతికని. భార్యకన్నాను. చెయ్యి ఎంతుంటుందో చూపించమన్నాడు. నలభై అయిదేళ్ళ కాపురం. గాల్లో వేళ్ళు చాచి కొలిచి చూపించాను. ఆయన ఇంకోసారి చూపించమన్నాడు. రెండోసారి వేరే కొలత వచ్చింది. ఆయన ఏమీ అనకుండా మధ్యరకం ఒకటి తీసి, రేకు మీద ఆవిడ పేరు వాళ్ళ అక్షరాల్లో చెక్కి ఇచ్చాడు.

ఇప్పుడు వంటింటి గట్టు దగ్గర నిలబడి రోజూ దాంతోనే తరుగుతుంది. పదును ఇప్పటికీ తగ్గలేదు. పిడి మాత్రం ఆవిడ చేతికి కాస్త లావు.